పలక కింద నగరం: స్కేట్‌బోర్డింగ్, అనుమతి

బెంటన్‌విల్‌లో ఒకప్పుడు క్రాఫ్ట్ కంపెనీ చీజ్ తయారుచేసిన కర్మాగారం 2020లో మొమెంటరీ అనే సమకాలీన కళాకేంద్రమైంది. టైసన్ సంస్థ కోడిమాంసపు కర్మాగారం ఎయిత్ స్ట్రీట్ మార్కెట్‌గా మారింది. ఒక అవసరానికి కట్టిన కట్టడంలో మరో ప్రయోజనాన్ని చూడగలగడం నేడు మెప్పు పొందే నగరదృష్టి. స్కేట్‌బోర్డర్లు దశాబ్దాలుగా చేస్తూ వచ్చిందీ ఇదే. కాకపోతే, వారు ఎవరి అనుమతీ అడగలేదు.

1950లలో కాలిఫోర్నియా సర్ఫర్లు అలలు లేని రోజుల్లో ఆడుకున్న ఆట ఇది. 1970ల తొలినాళ్లలో ఫ్రాంక్ నాస్‌వర్తీ తెచ్చిన యూరథేన్ చక్రాలు నేలను గట్టిగా పట్టుకోవడంతో దాని స్వభావం మారింది. ఆ దశాబ్దం మధ్యలో కరువు వచ్చి ఈతకొలనులు ఎండినప్పుడు, కుర్రాళ్లు పరాయి పెరళ్లలోకి దూరి ఆ కొలనుల వంపుగోడలమీద ఆడారు. ఊరూరా వెలసిన పార్కులు బీమా ఖర్చు భరించలేక మూతపడగా, ఆట వీధికెక్కింది. 1980ల ఆరంభంలో రాడ్నీ మలెన్ చదునైన నేలమీద ‘ఆలీ’ సాధించాక మెట్లు, కమ్మీలు, బెంచీలు అన్నీ ఆటస్థలాలే అయ్యాయి.

ఈ ఆటను సిద్ధాంతస్థాయిలో పట్టించుకున్న విమర్శకుడు ఇయన్ బోర్డెన్. హెన్రీ లఫెవ్ర్ ఆలోచనలను ఆధారం చేసుకుని, 2001లో వెలువడిన తన గ్రంథంలో ఆయన స్కేటర్‌ను నగరానికి విమర్శకుడిగా నిలిపాడు. అమ్మకానికీ, పనికీ కట్టిన స్థలాన్ని ఏమీ కొనకుండా, ఏమీ ఉత్పత్తి చేయకుండా వాడుకోవడమే ఆ విమర్శ. ఫిలడెల్ఫియా లవ్ పార్క్ ఉదంతం దీనికి బలమిస్తుంది. అక్కడ స్కేటింగ్‌ను నిషేధించినప్పుడు, ఆ పార్కు భావనకు మూలపురుషుడైన ఎడ్మండ్ బేకన్ 2002లో, తన 92వ యేట, నిరసనగా స్కేట్‌బోర్డు ఎక్కాడు. తాము ఊహించని వాడుకే ఆ స్థలానికి ప్రాణం పోసిందని నగరం కంటే ముందు ఆయన గ్రహించాడు.

1995లో ఎక్స్ గేమ్స్, 1999లో టోనీ హాక్ ‘900’, 2021లో టోక్యో ఒలింపిక్స్‌తో నిషిద్ధక్రీడ గౌరవక్రీడ అయింది. దీన్ని పతనంగా చూసే పాతతరం వాదన సగమే నిజం. అనుమతి లేకుండా తిరగగల స్వేచ్ఛ అందరికీ సమానంగా ఎన్నడూ లేదు. కాపలాదారు ఎదురుపడినప్పుడు తెల్ల కుర్రవాడికి మందలింపుతో పోయేది, నల్ల కుర్రవాడికి అంతటితో పోకపోవచ్చు. టోక్యోలో స్వర్ణం గెలిచిన 13 ఏళ్ల మొమిజి నిషియా వంటి బాలికలకు చోటు దొరికింది ఆట ఆహ్వానితమయ్యాకే.

వాల్‌మార్ట్, దాని సరఫరాదారుల కొలువులకై బెంటన్‌విల్ చేరిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది. యజమాని ఇచ్చిన కాగితంపైనే నివాసం నిలిచి ఉన్నవారికి ‘అనుమతి లేకుండా’ అన్న మాట సాహసంగా తోచదు, భయపెడుతుంది. హెల్మెట్ పెట్టుకుని పార్కుకు వెళ్లే వారి బిడ్డకు ఆ కంచె రక్షణ కూడా.

అయితే ఈ ఊరి కాలిబాటలు, సైకిల్ దారులు, కళాశాలలు చాలావరకు ఒక్క కుటుంబపు దాతృత్వం చలవ. దాత ఊహించిన వాడుకలన్నింటికీ ఇక్కడ చోటుంది. బోర్డెన్ వాదన ఇంకా చెల్లుతుందా లేదా అన్నది పార్కు లోపల తేలదు. ఆ బిడ్డ పార్కు దాటి కూడలి మెట్లమీద పలక దించిన రోజున ఊరు ఎలా చూస్తుందన్నదే దానికి పరీక్ష.