పన్నెండు అంగుళాల పనితనం

పాత పికప్ ట్రక్కు ఫ్రేమును కోసి, పొడవు తగ్గించి, మళ్లీ అతకడం అమెరికా కస్టమ్ బళ్ల సంప్రదాయంలో గుండె నిబ్బరం కావలసిన పని. దీనికి అన్నిటికన్నా అందంగా అమరే బండి 1967–72 మధ్య వచ్చిన షెవ్రొలే సి-10. అది రెండు పొడవుల్లో తయారైంది. పొట్టిదాని వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 115 అంగుళాలు, పొడుగుదానిది 127. సరుకు మోయడానికి రైతులు, కాంట్రాక్టర్లు ఎనిమిదడుగుల తొట్టి ఉన్న పొడుగు బండి కొనేవారు కనుక ఇప్పటికీ అవే చవకగా దొరుకుతాయి. పొట్టి బండి మాత్రం ఖరీదు. అదే కాలపు ఫోర్డ్ ఎఫ్-100లో ఈ తేడా 16 అంగుళాలు. ఫోర్డ్ అభిమానులు ఎంత వాదించినా, చక్కగా కుదించిన సి-10 పక్కన మరే పికప్పూ ఆనదు.

కోసి అతికే ఈ తెగువ రెండో ప్రపంచ యుద్ధానంతరం కాలిఫోర్నియా షెడ్లలో కార్ల పైకప్పులు దించడంతో ఊపందుకుందంటారు. డెట్రాయిట్‌లో మైక్, లారీ అలెగ్జాండర్ సోదరులు డాడ్జ్ ఎ-100 పికప్పును గుర్తుపట్టలేనంతగా మార్చి ‘డియోరా’గా మలిచారు. 1967లో కస్టమ్ బళ్లకిచ్చే రిడ్లర్ అవార్డు గెలిచిన ఆ బండి పనితనం ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. 1965లో క్రైస్లర్ సంస్థే డ్రాగ్ రేసుల కోసం కొన్ని డాడ్జ్, ప్లిమత్ కార్ల వెనక ఇరుసును 15 అంగుళాలు, ముందు ఇరుసును 10 అంగుళాలు ముందుకు జరిపింది. ఇక రేకు పనిలో మహామహుడు జీన్ విన్‌ఫీల్డ్ వృద్ధాప్యంలోనూ శిక్షణ తరగతులు పెట్టి తన విద్యను పంచాడు.

పని కొలతతో మొదలవుతుంది. తొట్టి విప్పి, ఫ్రేమును గట్టి స్టాండ్ల మీద రసమట్టంతో సమంగా నిలపాలి. కోతకు రెండు వైపులా చెరగని గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకు కొలిచి రాసుకోవాలి. సి-10లో ఇరుసుకు ముందు 12 అంగుళాలు, తొట్టి పొడవుకు సరిపడేలా ఇరుసు వెనక సుమారు 8 అంగుళాలు తీస్తారు. వెనక ఇరుసును పట్టుకునే పొడవాటి బాహువులకూ వాటి అడ్డదూలానికీ మధ్య దూరం మాత్రం చెక్కుచెదరకూడదు.

అసలు నేర్పు కోతలో ఉంది. తిన్నగా నిలువునా కోస్తే బరువంతా ఒకే గీత మీద పడుతుంది. అందుకే నేర్పరి మెట్టుగా కోస్తాడు: పై అంచు ఒకచోట, కింది అంచు కొన్ని అంగుళాల అవతల తెగుతాయి. ముక్కల అంచులను ఏటవాలుగా చెక్కి, సన్నని సందు వదిలి, ముందు చుక్కలుగా వెల్డింగ్ చేస్తాడు. మూలల కొలతలు రెండూ సరిపోయాక, వేడికి ఉక్కు వంగకుండా అటు కొంత, ఇటు కొంత చొప్పున పూర్తి చేస్తాడు. లోపల కొసలు కోసుగా ఉన్న బలపు పలక వేసి, అంచుకు అడ్డంగా మాత్రం వెల్డింగ్ పెట్టడు, ఎందుకంటే పగులు మొదలయ్యేది అక్కడే. వేడిచేసి గట్టిపరిచిన ఉక్కుతో చేసే భారీ లారీల ఫ్రేములకు ఈ పద్ధతి పనికిరాదు.

ఆ తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టును కుదించి తూకం సరిచేయించాలి. బ్రేకు గొట్టాలు, హ్యాండ్ బ్రేకు కేబులు, వైర్లు కొత్త పొడవుకు అమర్చాలి. అప్పుడు పొట్టి తొట్టి ఎక్కిస్తే, క్యాబుకూ చక్రాలకూ కుదిరిన పొందిక చూసి కళ్లు తిప్పుకోలేరు.

ఇంతటి విద్యను ఇప్పుడు బేరగాళ్లు చెరుపుతున్నారు. ఒక్క నిలువు కోత, పైపైన వెల్డింగ్, గ్రైండరుతో నునుపు, మీద మందంగా నల్ల రంగు. దాన్నే కర్మాగారపు పొట్టి బండిగా అమ్ముతున్నారు. ఇది అనుకరణ కూడా కాదు, మోసం. విరిగే ఫ్రేము మీద ప్రయాణించేది మనుషులు. మరోవైపు, డబ్బున్నవారు పాత ఫ్రేమునే పారేసి సిద్ధంగా దొరికే కొత్త చాసిస్ బిగించుకుంటున్నారు. అది భద్రమే కావచ్చు, కానీ చేతి పనికి అక్కడ చోటు లేదు.

ఈ విద్య నిలవాలంటే కొనేవారు బండి కిందికి దూరి చూడాలి, అతుకును దాచిన రంగును గీకమని అడగాలి, చేసినవారి పేరు అడిగి తెలుసుకోవాలి. నిజమైన పనివాడు తన అతుకును చూపించడానికి వెనకాడడు. అలాంటివారికి తగిన కూలి ఇచ్చి, వారి దగ్గర కుర్రాళ్లను పనికి చేర్చడమే ఈ సంప్రదాయాన్ని కాపాడే దారి.