నేరభయాన్ని కొలిచే ప్రశ్న: విభావలోపం

చీకటి పడ్డాక మీ ప్రాంతంలో ఒంటరిగా నడుస్తుంటే ఎంత భద్రంగా అనిపిస్తుందని 1982లో మొదలైన బ్రిటిష్ క్రైమ్ సర్వే ప్రజలను అడిగింది. ఆ జవాబులే చాలాకాలం నేరభయానికి కొలమానమయ్యాయి. సామాజిక శాస్త్రవేత్తలకు ఇది గణాంక సమస్య కావచ్చు. సాహిత్య విద్యార్థికి ముందుగా పాఠసమస్య. ఆ ప్రశ్నలో నేరమన్న మాట లేదు. భయమన్న మాటా లేదు. ఆలంకారికుల పరిభాషలో, విభావం చెప్పకుండానే స్థాయిని నిర్ణయించిన ప్రశ్న ఇది. గతుకుల బాటలో పడిపోతానేమోనని వెనుకాడే వృద్ధురాలి జవాబు కూడా నేరభయం పద్దులోనే చేరుతుంది.

ఫెరారో, లాగ్రాంజ్ 1987లో ఈ లోపాన్నే ఎత్తిచూపారు. ముప్పును అంచనా వేయడం వేరు, భయపడడం వేరు అన్నది వారి వాదం. నాట్యశాస్త్రం భయాన్ని స్థాయిభావాలలో చేర్చి, శంకను, త్రాసాన్ని 33 వ్యభిచారిభావాలలో విడివిడిగా లెక్కించింది. శంక సందేహరూపం, త్రాసం ఉలికిపాటు. పై ప్రశ్న రాబట్టేది ఎక్కువగా శంకనే. గడచిన ఏడాదిలో నేరానికి గురవుతానేమోనని నిజంగా ఎన్నిసార్లు భయపడ్డారు, చివరిసారి ఎంతగా భయపడ్డారు అన్నవి 2004లో ఫారల్, గాడ్ పరిశీలించిన ప్రశ్నలు. ఇవి త్రాసానికి దగ్గరివి. రెంటినీ ఒకే పేరుతో పట్టికల్లోకి ఎక్కించడం వల్లనే చిక్కు వచ్చింది. తెలుగులో అడగవలసి వచ్చినా ఈ చిక్కు తప్పదు: అడుగు ఆపేది జంకు, కూతురు ఇల్లు చేరేదాకా తల్లిని వదలనిది గుబులు. మన నడక గురించి మాత్రమే అడిగితే ఈ రెండోది బయటపడదు.

అయితే రసశాస్త్రంతో పోలికను సాగదీయకూడదు. భయానికి భరతుడు చెప్పిన విభావాలలో గురువుల పట్ల, రాజు పట్ల చేసిన అపరాధం ఉంది. అక్కడ భయపడేది తప్పు చేసినవాడు. సర్వేలో, ఇతరుల నేరానికి గురి కాగలవాడు. అంతకన్నా ఇబ్బందికరమైన అంశం మరొకటి ఉంది. భయం స్త్రీలకు, నీచప్రకృతులకు చెందినదని ఆ గ్రంథం నిర్ణయించింది. లెక్కల్లో బాధితులుగా యువకులు ఎక్కువగా కనిపిస్తుండగా భయం స్త్రీలు ఎక్కువగా చెప్పడాన్ని నేరశాస్త్రం ఒక వైపరీత్యంగా పేర్కొంది. స్త్రీల భయం నిష్కారణమని ధ్వనించే ఈ మాట భరతుని నిర్ణయానికి ఎంతో దూరంలో లేదు. 1980ల నుంచి ఎలిజబెత్ స్టాంకో దీనిని ఖండిస్తూ వచ్చారు. ఇంట్లో, తెలిసినవారి చేతుల్లో జరిగే హింస, వీధిలో వేధింపులు చాలావరకు ఆ లెక్కలకు అందలేదు. విభావం ఉంది, పట్టికలో దానికి గడి లేదు. వీధిలో నడక గురించి అడిగే ప్రశ్నకు ఇంటిలోపలి భయం చిక్కదు.