కుడి సీటు పనితనం

2009 సెప్టెంబర్ 2న బేగంపేటలో లేచి చిత్తూరుకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ కర్నూలు జిల్లా నల్లమలలో, పావురాలగుట్ట దగ్గర కూలింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అందులోని ఐదుగురూ చనిపోయారు. కడప వైపు ఆ ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు అడుగుతారు: "ఇద్దరు పైలట్లుండి ఏం చేసినట్టు?"

అడగాల్సిన ప్రశ్నే. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వచ్చాక, దానికి సంబంధించిన పేజీ కోసం సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా చెక్‌లిస్టులో వెతుకుతూనే ఉన్నారని విచారణ సంఘం తేల్చింది. బయట మబ్బు ముదిరింది. కిందికి తోసే గాలిలో హెలికాప్టర్ చిక్కినప్పుడు "గో అరౌండ్" (మళ్లీ పైకి లేపు) అని సహపైలట్ పదే పదే అరిచారు. అప్పటికే ఆలస్యమైంది. సీట్లు రెండున్నా చూపంతా ఒక్క పుస్తకంలో పడితే రెండో మనిషి లేనట్టే.

ఆ రెండో మనిషి పని ఎంత నాజూకైనదో ఓర్వకల్లు విమానాశ్రయంలో దిగే ఏటీఆర్ విమానం కాక్‌పిట్‌లో తెలుస్తుంది. ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు ఫస్ట్ ఆఫీసర్‌ది. (హెలికాప్టర్‌లో సాధారణంగా ఇది తారుమారు.) నడపడం మాత్రం వంతులవారీగా సాగుతుంది. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు గమనిస్తారు. మా సీమలో పూడిక తీసేటప్పుడు బావి గట్టున తాడు పట్టుకుని నిలబడేవాడి పనీ ఇలాంటిదే: వాడు తవ్వడు, కన్ను తిప్పడు.

నాకు బాగా నచ్చేది ఆ గమనింపు వాడే భాష. వేగం తగ్గితే "స్పీడ్", మరీ వేగంగా కిందికి జారుతుంటే "సింక్ రేట్", దిగడం కుదరకపోతే "గో అరౌండ్". ముందు సార్ లేదు, వెనక అండీ లేదు. పెద్దవాళ్లకు తప్పు చెప్పాలంటే నసిగే మనకు ఇది చిన్న విషయం కాదు. మాట ముందే ఖాయమై ఉంటుంది కనుక చిన్నవాడు కొత్తగా ధైర్యం కూడగట్టుకోనక్కర్లేదు.

ఇక అంకెలు. 1978–1990 మధ్య సిబ్బంది పొరపాట్లు కారణమైన 37 పెద్ద ప్రమాదాలను అమెరికా రవాణా భద్రతా బోర్డు 1994లో పరిశీలించింది. 31 ప్రమాదాల్లో గమనించడం, అడ్డుచెప్పడం సరిగ్గా జరగలేదు. 80 శాతానికి పైగా ప్రమాదాల్లో విమానం నడుపుతున్నది కెప్టెనే. వంతులు ఇంచుమించు సగం సగం కదా, ఈ తేడా ఎక్కడిది? కెప్టెన్ చిన్నవాడిని తేలిగ్గా ఆపగలడు, చిన్నవాడు కెప్టెన్‌ని ఆపడమే కష్టం. ఈ లెక్క చూపించి సహపైలట్ దండగ అనేవాళ్లు ఒకటి మరుస్తారు. ఇందులో ఉన్నవన్నీ కూలిన విమానాలే. "స్పీడ్" అన్న ఒక్క మాటతో సర్దుకున్న ప్రయాణాలకు ఏ పట్టికలోనూ గడి లేదు.

2010 మే 22న మంగళూరులో దిగుతున్న విమానంలో ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు "గో అరౌండ్" అన్నారు. కెప్టెన్ వినలేదు. విమానం కూలి 158 మంది పోయారు. చెప్పినా వినకపోతే ఏం చేయాలన్నదానికి కూడా ఈ వృత్తిలో కట్టడి ఉంది. రెండుసార్లు హెచ్చరించినా జవాబు రాకపోతే, అవతల ఎంత సీనియర్ ఉన్నా సరే, "ఐ హావ్ కంట్రోల్" అని విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలి. కుడి సీటుకు ఇదీ శిక్షణలో భాగమే.