గీల్‌గుడ్ వాచికం

ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు నాటకం అనగానే చాలామంది లారెన్స్ ఒలీవియర్ పేరే చెబుతారు. కత్తియుద్ధాలు, దూకుళ్లు, పాత్రకో కొత్త పెట్టుడు ముక్కు. ఆయన గొప్పవాడే, కాదనను. కానీ షేక్స్‌పియర్ రాసింది పద్యం. ఆ పద్యం పలకడంలో సర్ జాన్ గీల్‌గుడ్‌కు సాటి రాగల నటుడు ఆ తరంలో లేడు. 1935లో లండన్‌లో ఇద్దరూ రోమియో, మెర్క్యూషియో పాత్రలను వంతులవారీగా మార్చుకుని ఆడారు. ఒలీవియర్ రోమియోలో వయసు వేడి ఉందని మెచ్చినవాళ్లున్నారు. పద్యం మాత్రం గీల్‌గుడ్ నోటనే వినాలన్నారు ఆనాటి విమర్శకులు. నేనూ ఆ పక్షమే.

గీల్‌గుడ్ అమ్మమ్మ కేట్ టెర్రీ, ఆమె చెల్లెలు ఎలెన్ టెర్రీ పేరుమోసిన నటీమణులు. ఆ ఇంటివాళ్లకు తలచుకోగానే కన్నీళ్లొస్తాయని నాటకాలవాళ్లు చెప్పుకునేవారు. అంతకుమించి వంశచరిత్ర మనకక్కర్లేదు, చూడాల్సింది పనితనం.

షేక్స్‌పియర్ పాదంలో మామూలుగా పది అక్షరాలు, అయిదు ఊనికలు. చేతకాని నటుడు ప్రతి మాటనూ నొక్కుతాడు, భావం ముక్కలైపోతుంది. గీల్‌గుడ్ పాదం చివరిదాకా ఊపిరి తెగనిచ్చేవాడు కాదు. భావం రెండో పాదంలోకీ మూడో పాదంలోకీ సాగితే ఊపిరీ దాని వెంటే సాగేది. నొక్కాల్సిన మాట ఒక్కటే ఎంచుకుని, తక్కినవాటిని దానివైపు పరిగెత్తించేవాడు. అంత వేగంలోనూ ఒక్క హల్లు జారదు! పద్యనాటకంలో రాగాన్ని లాగి లాగి అర్థాన్ని మింగేసే నటులను చూసిన మనకు, రాగం ఉంటూనే అర్థం పైకి తేలడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

లండన్‌లోని ఓల్డ్ విక్ నాటకశాలలో 1930లో తొలిసారి హామ్లెట్ వేసేనాటికి ఆయనకు 26 ఏళ్లు. 1934లో తానే దర్శకుడై వేసిన హామ్లెట్ 155 ప్రదర్శనలు ఆడింది. ఆ తర్వాత 'ఏజెస్ ఆఫ్ మ్యాన్'. రంగాలంకరణ లేదు, తోడు నటులు లేరు. వేషం కట్టకుండా ఒక్కడే నిలబడి, యౌవనం నుంచి ముసలితనం దాకా షేక్స్‌పియర్ మనుషులందరినీ గొంతులోంచే పుట్టించాడు. కూతురి శవం ముందు లియర్ రాజు విలపించే ఘట్టానికి నిజంగానే కన్నీళ్లు కారేవి, అయినా మాట మసకబారేది కాదు. ఏడుస్తూ స్పష్టంగా పలకడం ఎంత కష్టమో పలికి చూసినవాడికే తెలుస్తుంది.

ఆ గొంతు తన అందానికి తానే మురిసిపోతుందని నిందలూ వచ్చాయి. వాటికి జవాబు 1950లో స్ట్రాట్‌ఫర్డ్‌లో దొరికింది. పీటర్ బ్రూక్ దర్శకత్వంలో షేక్స్‌పియర్ పాత్ర ఆంజెలో వేస్తూ ఆ సంగీతాన్నంతా అణచిపెట్టి, ఎండిపోయిన న్యాయాధికారిలా నిలబడ్డాడు. 1953 నాటి 'జూలియస్ సీజర్' సినిమాలో ఆయన కాసియస్, మార్లన్ బ్రాండో ఆంటోనీ. గొణుగుడు నటుడని పేరుపడ్డ బ్రాండో కూడా ఆ ఉపన్యాసాలు ఎలా పలకాలో గీల్‌గుడ్‌నే అడిగాడు. 'ఆర్థర్' సినిమాలో బట్లర్ వేషానికి ఆస్కార్ వచ్చింది. 1982 నాటి 'గాంధీ'లో ఉప్పు సత్యాగ్రహాన్ని తేలిగ్గా తీసిపారేసే వైస్రాయి ఇర్విన్ ఆయనే, మనవాళ్లు ఆ మొహాన్ని మరిచిపోయి ఉండరు. 'ప్రాస్పెరోస్ బుక్స్'లో ప్రాస్పెరో ఆయనే, తక్కిన పాత్రల మాటలూ దాదాపు అన్నీ ఆయన గొంతే. 2000లో, 96వ ఏట, చివరిగా నటించిన బెకెట్ 'కెటాస్ట్రొఫీ'లో మాత్రం ఒక్క మాటా లేని పాత్ర. మాట లేకుండానూ నిలబెట్టాడు.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఒళ్లు మండుతుంది. కొందరు ఆయన గొంతులోని వణుకును మాత్రం దొంగిలించి, దానికే శాస్త్రీయమని పేరు పెట్టుకున్నారు. అది నకిలీ సరుకు. వణుకు కింద ఆలోచన లేకపోతే మిగిలేది దగ్గు. మరికొందరు సహజత్వం పేరిట పద్యాన్ని వచనం చేసి, పాదం మధ్యలో విరిచి, చెంపకు అంటించిన మైకులోకి గొణుగుతున్నారు. సహజంగా మాట్లాడటానికే అయితే షేక్స్‌పియర్ ఎందుకు? పద్యం పలకలేనివాడు పద్యాన్ని పాతబడిందనడం అన్యాయం.

లండన్‌లో ఒక నాటకశాలకు 1994లో ఆయన పేరు పెట్టారు. సంతోషమే, కానీ బోర్డు చాలదు. గ్రామీ అందుకున్న ఆయన 'ఏజెస్ ఆఫ్ మ్యాన్' రికార్డు ఉంది. నటన నేర్పే ప్రతి బడిలో దాన్ని వినిపించండి. మైకులు తీసేసి, చివరి వరుసలో కూర్చున్నవాడికి చివరి అక్షరం అందేదాకా, మొదటి ఏడాదంతా పిల్లలచేత పద్యమే పలికించండి.