పన్నెండు మెట్ల కిన్నెరకు వర్షాశనం ఎప్పుడు?

కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య పండుగ సాయన్న కథ ఎత్తుకున్నప్పుడు ముందు ఆయన వేళ్లను చూడండి. కిన్నెర భుజానికి ఆని ఉంటుంది. ఎడమచేతి వేళ్లు మెట్ల మీద జారుతుంటాయి, కుడిచేతి వేలు తీగను మీటుతుంది. చరణం పాడి ఆయన ఊపిరి తీసుకునేలోపు అదే చరణాన్ని తీగ అందుకుంటుంది. గొంతు సాగదీసిన చోట తీగా సాగుతుంది, గొంతు విరిచిన చోట తీగా విరుగుతుంది. పక్కన వంత పాడే మనిషి లేడు. ఆ లోటు ఎక్కడా తెలియదు. కథకుడు, వంతగాడు, వాద్యగాడు ముగ్గురూ ఆయనే. వీణ గొప్పదే, కాదనను. కథ చెప్పడంలో మాత్రం కిన్నెరదే పైచేయి అంటాను, ఎవరేమనుకున్నా సరే.

వస్తువుగా చూస్తే అందులో ఏముంది? ఒక వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం, తీగలు. మెట్లను పూర్వం అలుగు పెంకులతో చేసి మైనంతో అతికించేవారట. ఇప్పుడు అలుగును ముట్టుకుంటే వన్యప్రాణి చట్టం కింద నేరం, కాబట్టి లోహంతో సరిపెట్టుకుంటున్నారు. తీగలకు గుర్రపు వెంట్రుకలు వాడిన రోజులూ ఉన్నాయంటారు. పైన రంగు గుడ్డలు, అద్దం ముక్కలు, నెమలీకలు, కొసన ఓ చిలుక బొమ్మ. తాతల నాటి ఏడు మెట్ల కిన్నెర పన్నెండు మెట్లకు పెరిగింది. మెట్లు పెరిగినకొద్దీ వేలికి పని పెరుగుతుంది, పాటకు చోటు పెరుగుతుంది. మెట్టు వెంట్రుకవాసి పక్కకు జరిగినా పాట చెడుతుంది. ఆ జాగాలు చెప్పే పుస్తకం లేదు. అవి వాయించేవాడి చెవిలోనే ఉండాలి.

వాద్యం మాట్లాడటం మన ఒక్కరి గొప్పేం కాదు. ఆఫ్రికాలో నైజీరియాకు చెందిన యొరుబా జనానికి దుందున్ అనే డోలు ఉంది. నడుము సన్నగా ఉంటుంది, చుట్టూ తోలు తాళ్లు. దాన్ని చంకలో పెట్టుకుని తాళ్లను నొక్కుతూ వదులుతూ కొడితే స్వరం పైకీ కిందికీ పోతుంది. వాళ్ల భాషలో స్వరం మారితే అర్థమే మారుతుంది కాబట్టి, డోలు కొట్టేవాడు నోరు విప్పకుండానే వాక్యాలు చెప్పేస్తాడు. రాజు కొలువులో ఆ డోలు పని పొగడ్త మాత్రమే కాదు. రాజు పూర్వీకుల పేర్లు వరసగా వినిపిస్తుంది, వచ్చినవారెవరో తెలియజేస్తుంది, ఒక్కోసారి హెచ్చరిక కూడా చేస్తుంది. ఓయో రాజ్యపు అలాఫిన్‌గా 2022 దాకా ఉన్న మూడో లామిడి అడెయెమికి, డోలు చెప్పేది విని అర్థం చేసుకోగల రాజు అని పేరు. వాద్యకారుడి విద్య నిలవాలంటే వినగలిగిన రాజు ఉండాలి.

మరి మన రాజులు? పాలమూరు ప్రాంతంలో మా కొత్తకోట చుట్టూ నాలుగు సంస్థానాలు వెలిగాయి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం. గద్వాలను విద్వద్గద్వాల అన్నారంటే ఊరికే అనలేదు. ఏటా పండిత సభలు, సంభావనలు, వర్షాశనాలు. ఎక్కడో గోదావరి జిల్లాల తిరుపతి వేంకట కవులు సైతం ఈ సంస్థానాల గడప తొక్కి అవధానాలు చేసి సత్కారాలు అందుకున్నారు. వనపర్తి రాజావారు కట్టించిన సరళాసాగర్ మా పక్కనే ఉంది. 1949లో మొదలై 1959లో పూర్తయింది. చెరువు నిండితే మనిషి చెయ్యి పడకుండానే సైఫన్ల గుండా నీళ్లు దూకుతాయి. అంత ముందుచూపున్న వాళ్లే. విద్యకు ఒక్కసారి బహుమానం చాలదు, ఏటేటా గింజలు అందాలి అన్న సంగతి వాళ్లకు బాగా తెలుసు. తెలియనిదల్లా, విద్య పండిత సభల్లోనే ఉండదని.

కిన్నెర డక్కలివారిది. మాదిగలకు ఆశ్రితులై, వాళ్ల వంశాలను, జాంబపురాణాన్ని చెప్పుకుని బతికిన కులం. ఊరు మాదిగవాడను దూరం పెడితే, మాదిగవాడ వీళ్లను దూరం పెట్టింది. కిన్నెర సంస్థానాల్లోనూ మోగిందని చెప్పేవారున్నారు, మోగే ఉండవచ్చు. కానీ అది గుండెల్లో దాచుకున్న పేర్లు చూడండి: పండుగ సాయన్న, పానుగల్లు మియాసాబు, ఎండబెట్ల ఫకీరయ్యగౌడు, బండోళ్ల కురుమన్న, వట్టెం రంగనాయకమ్మ. వీళ్లెవరూ గద్దెనెక్కినవాళ్లు కాదు. సాయన్న ఉన్నవాడి గాదె కొట్టి లేనివాడి కుండలో పోసినవాడు. ముదిరాజు బిడ్డ, తురక సాయిబు, గౌడు, అందరూ ఒకే కిన్నెర మీద చోటు సంపాదించారు. సంస్థాన కవుల ప్రబంధాల్లో ఈ పేర్లు వెతికి చూడండి, మీ ఓపిక! పాలమూరు చరిత్రలో సగాన్ని కాపాడింది అడుక్కునే చేతుల్లోని ఈ వెదురు బొంగే.

ఇక కడుపు మండే సంగతి. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో మొగులయ్య గొంతు వినిపించగానే రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. సన్మానాలు, శాలువాలు, సెల్ఫీలు. 2024 మేలో అదే మనిషి తుర్కయాంజాల్ దగ్గర నిర్మాణ పనిలో కూలీగా కనిపించాడని పత్రికలు రాశాయి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట నుంచి ఢిల్లీ రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లొచ్చిన వేళ్లకు ఇటుకలా? సిగ్గు ఎవరికుండాలి?

ఈలోపు నకిలీ సరుకు మాత్రం దండిగా ఉంది. కీబోర్డు మీద ఏదో తీగ శబ్దం నొక్కి కిన్నెర పాట అంటారు. సొరబుర్రకు రంగు పూసి, పలకని తీగ ఒకటి బిగించి, డ్రాయింగ్‌రూమ్ గోడకు అమ్ముతారు. అన్నిటికన్నా ఒళ్లు మండేది, చేతిలో కిన్నెర పట్టుకుని వెనక ట్రాక్ పెట్టుకుని పాడే వీడియోలు. తీగ మీద వేలు ఆడదు, పాట మాత్రం సాగిపోతుంటుంది! చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఊరేగింపుల్లో డీజే సంగతి ఎత్తకపోవడమే మంచిది. మియాసాబు కథ మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినే ఓపిక పోయింది. ముప్పై సెకన్లు చాలంటున్నారు. ముప్పై సెకన్లలో కురుమన్న పుట్టనే పుట్టడు.

పని చేసినవాళ్లు లేరని కాదు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటివారు ఊరూరా తిరిగి ఈ వాద్యాలను, కళాకారులను వెలుగులోకి తెచ్చారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. పక్కనే నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ దక్కింది. రెండేళ్ల తేడాతో ఉమ్మడి పాలమూరులోని రెండు తీగవాద్యాలకు రెండు పద్మశ్రీలు. ఏ జిల్లాకుంది ఈ భాగ్యం? అయితే పతకం మెడలో పడితే విద్య మనవడి వేళ్లలోకి దిగదు. దానికి రోజూ కూర్చునే శిష్యుడు కావాలి, ఆ శిష్యుడికి రెండు పూటలా తిండి కావాలి.

కాబట్టి నేను అడిగేది పెద్ద మొత్తం కాదు, వర్షాశనం. తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్నారు, సంతోషం. ఆయన గద్వాల నేల బిడ్డ, తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబు చెప్పినవాడు. ఆ పేరున్న చోట కిన్నెర గురువుకు ఒక కొలువు, నలుగురు శిష్యులకు నెలనెలా భత్యం ఇవ్వలేరా? ఒక్కో కథనూ మొదటి నుంచి కొస దాకా రికార్డు చేయించలేరా? వనపర్తి రాజభవనం 1959 నుంచి పాలిటెక్నిక్‌గా నడుస్తోంది. ఏటా ఒక రోజు ఆ ఆవరణలోనే కిన్నెర సభ పెట్టండి. డక్కలి కుటుంబాలను పేరుపేరునా పిలవండి, పండితులకు గద్వాల ఇచ్చినట్టే సంభావన చేతిలో పెట్టి పంపండి. మైకు అద్దె, భోజనాల ఖర్చు కొత్తకోట వాళ్లం చందాలు వేసుకుని భరిస్తాం.