నీరు వదిలిన నూనె

మా పెద్దమ్మ కాచిన గుంటగలగరాకు నూనె సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ముదురు ఆకుపచ్చ రంగు నిలకడగా కనిపిస్తుంది. అడుగున మడ్డి లేదు, మధ్యలో మబ్బు లేదు. సీసాను ఒరగేస్తే నూనె గాజును పట్టుకుని నెమ్మదిగా జారుతుంది. మూత తీస్తే మాడు వాసన రాదు, పచ్చి ఆకు వాసనా రాదు. ఎండలో ఆరుతున్న గడ్డి వాసన ముందు తగిలి, దాని వెనక నువ్వుల కమ్మదనం వస్తుంది. చిన్నప్పటి నుంచీ తలకు రాసుకుంటున్నా, ఆ నూనెలో మబ్బు ఎందుకు లేదని నేనెప్పుడూ ఆలోచించలేదు. కిందటి కార్తీకంలో రెండు రోజులు పొయ్యి పక్కన కూర్చుని చూశాక, ఆమె పనితనమంతా ఆ తేటదనంలోనే ఉందని అర్థమయింది.

తెనాలి దగ్గర, కృష్ణా కాలువ కింద ఊరు మాది. వరి గట్ల మీద, కాలువ ఒడ్డున, బోరింగు పక్కన నీళ్ళు నిలిచేచోట గుంటగలగర దానంతటదే మొలుస్తుంది. సంస్కృతంలో భృంగరాజం. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎక్లిప్టా ప్రోస్ట్రేటా. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబంలోదే. ఆకులు గరుగ్గా, జతలు జతలుగా ఉంటాయి. పూలు తెల్లగా, చొక్కా గుండీ కంటే చిన్నవి. పచ్చ పూలు పూసే మరో మొక్కనూ కొన్నిచోట్ల ఇదే పేరుతో పిలుస్తారు కాబట్టి పెద్దమ్మ పూవును చూసి ఊరుకోదు. కాడ తుంచి అరచేతిలో గట్టిగా నలుపుతుంది. ముందు ఆకుపచ్చగా ఉన్న పసరు గాలి తగిలిన కాసేపటికే నల్లగా తిరుగుతుంది. "నలుపు తిరక్కపోతే అది మనది కాదే" అంటుంది.

ఆకు కోసే ముందు ఆమె చేసే పని ఇంకొకటి ఉంది. ఆ పొలం రైతును పలకరించి, "గట్టు మీద మందు కొట్టి ఎన్నాళ్ళయింది నాయనా?" అని అడుగుతుంది. ఈ మధ్యే కొట్టామంటే ఎంత ఏపుగా ఉన్న మొక్కనైనా ముట్టుకోదు. ఆ రోజు మేము రెండు గట్లు వదిలేసి మూడో గట్టుకు వెళ్ళాం. బండ్లు తిరిగే రోడ్డు పక్కన ఆకూ కోయదు. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు, పూత నిండుగా ఉన్న మొక్కల్ని కొడవలితో నేల మీదికి కోసింది. వేళ్ళు పీకలేదు. నెల తిరిగేసరికి అవే మళ్ళీ చిగురిస్తాయి.

ఇంటికి తెచ్చిన రెండు గంపల ఆకునూ మూడు నీళ్ళలో కడిగి, నీడన పాత దుప్పటి మీద పరిచింది. ఎంతసేపు ఆరబెట్టాలో గడియారం చూసి చెప్పదు. గుప్పెడు ఆకు తీసి విదిలిస్తుంది. చెయ్యి తడవకూడదు, ఆకు వాడిపోకూడదు. ఆ రెండింటి నడుమ ఉన్న వేళలో రోట్లో వేసింది. దంచేటప్పుడు చుక్క నీళ్ళు కూడా చల్లలేదు. "ఇప్పుడు పోసిన నీళ్ళను రేపు నేనేగా ఎళ్ళగొట్టాలి" అంది. మెత్తగా నలిగిన ఆకును ఉతికిన నూలు చీర ముక్కలో మూటగట్టి పిండితే చిక్కటి పసరు దిగింది. అప్పటికే ఇద్దరి వేళ్ళూ నల్లబడ్డాయి. ఆ నలుపు సబ్బుకు లొంగదు. రెండు మూడు రోజులు చేతుల మీదే ఉంటుంది.

కొలతల దగ్గర నాకు పెద్ద ఆశ్చర్యం ఎదురయింది. ఆమె లెక్క ఒకటే మాట: "గిద్దెడు ముద్ద, సోలెడు నూనె, మానికెడు రసం." పాత కొలతల్లో నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అంటే మానికకు పదహారు గిద్దెలు. ముద్ద 1 పాలు, నూనె 4 పాళ్ళు, రసం 16 పాళ్ళు. ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహిత తైలపాకానికి చెప్పిన సాధారణ సూత్రం కూడా ఇదే. నూరిన ముద్దను ఆ గ్రంథం కల్కం అంటుంది. కల్కానికి నాలుగింతలు స్నేహం, అంటే నూనె; స్నేహానికి నాలుగింతలు ద్రవం. పెద్దమ్మ ఆ గ్రంథం పేరు విన్నది కాదు. ఆమె అత్తగారు చెప్పిన గిద్దె, సోల, మానికల్లోనే ఆ సూత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఇంట్లో గిద్దె కొలత లేనివాళ్ళు ఏ గ్లాసుతోనైనా ఈ పాళ్ళు పట్టుకోవచ్చు. పావు లీటరు నూనెకు లీటరు రసం.

ఆ రోజు ఆమె నాలుగిళ్ళకు సరిపడా కాయాలనుకుంది. నాలుగు సోలల గానుగ నూనె, నాలుగు మానికల రసం. నూనె అంటే ఆమెకు నువ్వుల నూనే. అసలు ఆ మాటే నువ్వు, నెయ్యి కలిసి పుట్టింది, సంస్కృతంలో తిల నుంచి తైలం పుట్టినట్టు. మెంతులు, మందార పూలు, గోరింటాకు, ఉసిరి కూడా వేయవచ్చు కదా అని అడిగాను. "అన్నీ ఏస్తే ఏది పాకానికొచ్చిందో ఎట్టా తెలుస్తదే?" అంది. ఒక్కొక్క ఆకు ఒక్కో వేళకు తడి వదులుతుంది. నాలుగూ కలిపితే ఒకటి మాడుతుంది, ఇంకొకటి పచ్చిగా మిగులుతుంది. ఒకే ఆకు, ఒకే నూనె అయితే చెవికీ వేలికీ మోసం ఉండదు.

కళాయి పూసిన వెడల్పాటి ఇత్తడి గంగాళం పొయ్యి మీదికెక్కింది. అందులో పోసినవి మూడో వంతుకు కూడా రాలేదు. మిగతా చోటంతా పొంగుకు. ఇనుప మూకుడు ఎందుకు కాదంటే, ఇనుము తగిలిన నూనె త్వరగా వాసన వేస్తుంది. ముందు నూనె పోసి, సెగ తగిలాక రసం, ఆ తర్వాత ముద్ద కలిపింది. మంట సన్నగా, గంగాళం అడుగును అంటీ అంటకుండా ఉంది. చెక్క తెడ్డుతో అడుగును గీరుతూ తిప్పడమే పని. ముద్ద బరువుకు కిందికి దిగుతుంది. ఒకచోట నిలిచిపోతే అక్కడే మాడుతుంది, ఆ మాడు వాసన గంగాళమంతటికీ పడుతుంది.

పొద్దు వాలేసరికి రసం సగానికి పైగా ఇగిరింది. పెద్దమ్మ పొయ్యి ఆర్పేసి, గంగాళం మీద పలచటి బట్ట కట్టి వెళ్ళి పడుకుంది. ఇంకో రెండు గంటలు కూర్చుంటే అయిపోయేది కదా అని నాకనిపించింది. నెయ్యి, నూనె, బెల్లపు పాకాలను ఒకే రోజులో ముగించవద్దని, రాత్రి నిలవ ఉంచితే గుణం పెరుగుతుందని శార్ఙ్గధరుడు కూడా చెప్పాడు. పెద్దమ్మ కారణం వేరు: "అలిసిన చెవికి చప్పుడు తెలవదు. ఆకరి గంట పొద్దున్నే ఉండాల." ఆ ఆఖరి గంటను నేను మర్నాడు చూశాను. అదే ఈ పనికి ప్రాణం.

రసం నిండుగా ఉన్నంతసేపూ గుబగుబమని పెద్ద బుడగలు. నీరు తగ్గేకొద్దీ బుడగలు చిన్నవై, శబ్దం సన్నబడి చిమచిమలోకి దిగింది. నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది కాబట్టి, అది ఉన్నంతసేపూ నూనె వేడి ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఆఖరి తడి పోయిన మరుక్షణం పట్టి ఉంచేది లేక వేడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. పచ్చిదనానికీ మాడుకూ మధ్య దొరికేది కొద్ది నిమిషాలే. అందుకే ఆ వేళలో పెద్దమ్మ ఎవరినీ మాట్లాడనివ్వలేదు. రేడియో ఆపించింది. తల కాస్త వంచి, ఎడమ చెవి గంగాళం వైపు పెట్టి, తెడ్డు తిప్పుతూనే ఉంది.

మధ్యమధ్య తెడ్డు కొసతో కాస్త ముద్ద తీసి పళ్ళెంలో ఆరనిచ్చి వేళ్ళ మధ్య నలిపింది. మొదటిసారి అది బురదలా వేళ్ళకు అంటుకుంది. రెండోసారి ఉండ అయింది కానీ మెత్తగా జారింది. మూడోసారి రెండు వేళ్ళ మధ్య దొర్లిస్తే దీపపు వత్తిలా సాగి, వేళ్ళకు అంటకుండా నిలబడింది. ఆ వత్తిని తీసుకెళ్ళి దీపం మంటకు చూపించింది. చిట్ మని ఒక్క చప్పుడు. లోపల ఇంకా తడి ఉంది. ఇంకాసేపటికి చేసిన వత్తి ఏ చప్పుడూ లేకుండా అంటుకుని నిలకడగా మండింది. అదే సమయంలో గంగాళంలో చిమచిమ ఆగి, నూనె పైన సన్నటి తెల్ల నురగ లేచింది. "దించు, దించు" అంటూ తానే మసిగుడ్డతో దించేసింది.

వేలికి వత్తి, మంటకు మౌనం, కంటికి నురగ. పాకం కుదిరిందనడానికి శాస్త్రం చెప్పే గుర్తులు సరిగ్గా ఇవే. ముక్కులో వేసే మందుకు మృదుపాకం, ఒంటికి మర్దనకు ఖరపాకం, అన్నిటికీ పనికొచ్చేది మధ్యమపాకం అని అందులో విభజన. ఇది మన ఆడవాళ్ళకు కొత్త విద్యేమీ కాదు. వెన్న కాచేటప్పుడు చిటపటలు తగ్గేదాకా వింటాం, నురగ అణిగితే నెయ్యి అయిందంటాం, అప్పుడు మునగాకో తమలపాకో వేస్తాం. నూనె దగ్గర ఒక్కటే తేడా. నెయ్యి నురగ అణిగితే పాకం, నూనె నురగ లేస్తే పాకం. వెన్న కాచడం వచ్చిన ఇంట్లో సగం పని అప్పటికే నేర్చేసుకున్నట్టు.

వేడి తగ్గినా ఇంకా గోరువెచ్చగా ఉండగానే పొడి నూలు బట్టలో వడకట్టి, ముద్దను గట్టిగా పిండింది. ఒక రాత్రి కదలకుండా ఉంచి, పైతేట నూనెను మాత్రం ఎండలో ఆరబెట్టిన గాజు సీసాల్లోకి వంచింది. అడుగున మిగిలిన మడ్డిని సీసాల్లోకి రానివ్వలేదు, దాన్ని కాళ్ళ పగుళ్ళకు పక్కన పెట్టుకుంది. సీసా మీద తేదీ రాయమని నాతో చెప్పి, వెలుతురు తగలని అటక మీద పెట్టించింది.

ఇంత జాగ్రత్త దేనికో నాకు నా తప్పు వల్లే తెలిసింది. అంతకు ముందు ఏడాది హైదరాబాదులో నేనే ఒకసారి కాచాను. గంటలో అయిపోవాలని మంట పెంచాను, రంగు నల్లబడగానే దించేశాను. మూడో వారానికి సీసా అడుగున మసక చేరింది, మూత తీస్తే పులుపు వాసన వచ్చింది. పైకి మాడినట్టున్న ఆ నూనెలో ముద్ద లోపలి తడి అలాగే ఉండిపోయింది. ఇంట్లో చేసుకునే మందులన్నిటికీ శత్రువు అదొక్కటే. సున్నిపిండికి పెసలు గలగలలాడేదాకా ఎండబెట్టడం, ఉసిరిని ఒరుగు చేయడం, అల్లాన్ని శొంఠిగా మార్చడం, అన్నీ తడిని తరిమే పనులే. సున్నిపిండికి ఎండ చేసే పనిని నూనెకు పొయ్యి చేస్తుంది.

ఈ నూనె ఏం చేస్తుందో కూడా పెద్దమ్మ పెంచి చెప్పదు. కుదుళ్ళు మెత్తబడతాయి, తల చల్లగా ఉంటుంది, జుట్టు తెగడం తగ్గుతుంది, అంతే. గుంటగలగర సారం రాస్తే ఎలుకల్లో వెంట్రుకలు త్వరగా మొలిచాయని 2008లో ఒక అధ్యయనం వచ్చింది. అయినా ఎలుకల మీద కనిపించిన ఫలితం మన తల మీద రుజువైనట్టు కాదు. నెరిసిన జుట్టు మళ్ళీ నల్లబడుతుందని ఆమె ఎవరికీ ఆశ పెట్టదు. కొత్తవాళ్ళకు ఇచ్చేటప్పుడు ముందు మోచేతి మడతలో చుక్క రాసి ఒక రోజు చూడమంటుంది. జుట్టు ఉన్నట్టుండి కుచ్చులుగా ఊడుతుంటే నూనె సీసా ఇవ్వదు, డాక్టరు దగ్గరికి పంపుతుంది. పసిపిల్లల ముక్కులో, చెవిలో వేయనివ్వదు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా పనితనమే. పొయ్యి దగ్గర చూపిన ఆ గుణమే ఈ మాటల్లోనూ ఉంది.

ఈ మాఘంలో నేను మళ్ళీ కాచాను. ఊరి నుంచి ఆకు వచ్చింది. పొయ్యికి బదులు గ్యాసు, గంగాళానికి బదులు లోతైన స్టీలు గిన్నె. రెండో రోజు పొద్దున్నే ఫోన్లో పెద్దమ్మను పిలిచి, స్పీకరు పెట్టి గిన్నె పక్కన ఉంచాను. "ఇంకా నీళ్ళున్నాయే, అడుగు తిప్పు" అంది. కాసేపటికి, "సెగ తగ్గించు, తొందరపడుతుంది." ఆ తర్వాత చాలాసేపు అటు నుంచి మాట లేదు. ఫోను కట్టయిందేమో అనుకుని, "పెద్దమ్మా, ఉన్నావా?" అన్నాను.

"ఉష్. ఉన్నా. దించెయ్."

దించాను. నురగ అప్పుడే లేస్తోంది. పళ్ళెంలో ఆరిన ముద్దను వత్తి చేసి దీపానికి చూపించాను. చప్పుడు లేకుండా అంటుకుంది.