నలుడి రెండో విద్య

పోయిన శుక్రవారం రాత్రి మా మనవరాలు అన్నానికి రాలేదు. గదిలోకి వెళ్లి చూస్తే ఫోను మంచం మీద బోర్లించి, గోడవైపు తిరిగి పడుకుంది. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల, ఎంపీసీ. కాలేజీలో టెస్టు పోయిందేమో అనుకున్నాను. "నూట ముప్పై పుల్స్ తీశాను తాతా. ఒక్కటీ పడలేదు" అంది.

ఏటి తీసింది, ఏటి పడలేదు అన్నది నాకు ఎక్కడానికి అరగంట పట్టింది. ఎక్కాక ఒళ్లు మండింది.

ఆట పేరు ఉమా ముసుమే. జపాన్ వాళ్ల సైగేమ్స్ కంపెనీది. అక్కడి ఫోన్లలోకి 2021 ఫిబ్రవరి 24న వస్తే, ఇంగ్లిషులో మన దాకా 2025 జూన్ 26న వచ్చింది. నిజంగా పరిగెత్తిన రేసు గుర్రాల పేర్లు, వాటి చరిత్రలు పెట్టుకున్న అమ్మాయిలు ఉంటారు. గుర్రం చెవులు, తోక. ఆడేవాళ్లు కోచ్. మూడేళ్ల పాటు, పదిహేను రోజులకొక మలుపు చొప్పున, పిల్లకి వేగం, దమ్ము, బలం, పట్టుదల, తెలివి నేర్పి పందేల్లో దింపాలి. ఇంతవరకూ నాకు పేచీ లేదు. కానీ ఆ శిక్షణ బాగా సాగాలంటే వెంట ఆరు సహాయ కార్డులు కావాలి. మంచి కార్డు కావాలంటే చీటీ తీయాలి. దాన్నే గాచా అంటారు. నాణెం వేసి పిడి తిప్పితే బొమ్మ రాలే జపాను డబ్బాల నుంచి వచ్చిన పేరు.

ఒక్కో చీటీకి (పిల్ల చెప్పిన 'పుల్' అదే) 150 క్యారట్లు, అంటే ఆటలో చెల్లే నాణేలు. మా పిల్ల రెండున్నర నెలలు రోజూ కొంచెం కొంచెం కూడబెట్టి, శుక్రవారం సాయంత్రం 19,500 క్యారట్లు ఊదేసింది. తను కోరిన కార్డు పడే అవకాశం నూటికి ముప్పావు వంతు. రెండు వందల చీటీలు తీస్తే మాత్రం అదృష్టంతో పనిలేకుండా ఆ కార్డు చేతికిస్తారు. ఈలోపు గడువు అయిపోతే అంతవరకూ తీసిన లెక్క చెల్లదు, కొత్త కార్డుకి మళ్లీ సున్నా నుంచి మొదలు. "డెబ్బయ్యే మిగిలాయి తాతా, ఆదివారంతో అయిపోతుంది. ఒక్కసారి ఫోన్‌పే చెయ్యవా" అంది. చెయ్యనన్నాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పంతం కొత్త కాదు. విశాఖలో గాజువాక వైపు ఒక హైస్కూల్లో 32 ఏళ్లు వ్యాయామం మాస్టారుగా చేసినవాణ్ణి. ఆర్కే బీచ్ తడి ఇసుకలో పొద్దుటి పరుగు గురించి, నా ఇత్తడి విజిల్ గురించి, సాధన ముందు జాతకాలు నిలవవన్న నా నమ్మకం గురించి ఎన్ని వారాలు రాశానో మీకు తెలుసు. శనివారం పొద్దున్నే కూర్చుని ఈ ఆట మీద ఒక కాలమ్ రాసేశాను కూడా. శిక్షణ అనే పవిత్రమైన మాటని చీటీల డబ్బాలో పడేశారని, బడి ముందు కొట్లో అట్టకి అంటించిన లాటరీ చీటీల కంటే ఇది ఘోరమని, జపాన్ ప్రభుత్వమే 2012లో ఒక రకం గాచాని చట్టవిరుద్ధమని తేల్చిందని, మన దేశం 2025 ఆగస్టులో డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించినప్పుడు వీటిని ఎందుకు వదిలేసిందని గట్టిగానే అడిగాను. ఇందులో తిరిగి డబ్బు రాదు కాబట్టి చట్టం అంటదు. అదీ జవాబు. అది నాకు సరిపోలేదు.

ఆ కాలమ్ పంపలేదు. పంపేముందు ఒకసారి ఆట చూడాలి కదా అని పిల్ల పక్కన కూర్చున్నాను.

ఆట ఆడే చోటు వేరు, చీటీలు తీసే చోటు వేరు. ఆటలో ప్రతి మలుపులోనూ ఏ సాధన చేయించాలో ఎంచుకోవాలి. మీట నొక్కేముందే దాని మీద ఒక అంకె కనిపిస్తుంది. ఈ సాధన చెడిపోయే అవకాశం నూటికి ఇంత అని. పిల్ల ఒంట్లో ఓపిక నిండుగా ఉంటే సున్నా. ఓపిక తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది. చెడితే నేర్చినది తగ్గుతుంది, ఉత్సాహం పడిపోతుంది. పడుకోబెడితే ఓపిక వస్తుంది గానీ ఎంత వస్తుందన్నది మళ్లీ అదృష్టమే. పిల్ల నిద్ర చాలక లేచే రోజులూ ఉన్నాయి!

నేను నిటారుగా కూర్చున్నాను. ఇవాళ పరిగెత్తించాలా, ఇంటికి పంపాలా? కోచ్ పనిలో సగం ఇదే. దమ్ము మీద పని చేయించాలా, వేగం మీదా? జిల్లా పోటీలు మూడు వారాల్లో ఉన్నప్పుడు మడమ నొప్పి అన్న పిల్లని ఏం చెయ్యాలి? 32 ఏళ్లలో ఏ పిల్ల తల మీదా నాకా అంకె కనబడలేదు. కళ్లు చూసి, నడక చూసి అంచనా కట్టుకున్నాను. ఆ అంచనాని ఒక ఆటగా మలిచినవాళ్లు ఎవరోగానీ, వాళ్లకి మైదానం తెలుసు. పందేలు మానేసిన పిల్ల గుణాల్లో కొన్ని తర్వాత వచ్చే పిల్లకి వారసత్వంగా దిగుతాయి ఇందులో. ఒక బ్యాచ్ తెగువ తర్వాతి బ్యాచ్‌లో కనబడటం ఏ బడి మైదానంలోనైనా ఉన్నదే!

చిరాకు పుట్టించే గుణం కూడా అక్కడే ఉంది. నూటికి మూడే అన్నచోట నొక్కింది మా పిల్ల. చెడిపోయింది. ముప్పావు గంట పెంచిన పిల్ల చివరి పందెంలో ఎదుటి గుంపు దారివ్వక ఇరుక్కుని ఓడింది. మళ్లీ అవే ఎంపికలు చేస్తే మరోలా నడిచింది. ఎంత బాగా ఆడినా ఫలితం మన చేతికి పూర్తిగా రాదు. నేను పళ్లు కొరికాను. మనవరాలు మాత్రం "మూడు అని రాసే ఉంది కదా తాతా" అని తర్వాతి మలుపుకి వెళ్లిపోయింది.

ఆ ఆటలో హారు ఉరారా అనే గులాబి జుట్టు అమ్మాయి ఉంది. నిజం గుర్రం జపాన్‌లోని కోచి ఊరి పందేల్లో 1998 నుంచి 2004 దాకా 113 సార్లు పరిగెత్తి 113 సార్లూ ఓడింది. 2004 మార్చిలో జపాన్‌లోకెల్లా పేరున్న జాకీ యుటాకా టకే ఎక్కి తోలినా పదకొండింటిలో పదోది. ఆ గుర్రం మీద కట్టిన ఓటమి టికెట్లు జనం తాయెత్తుల్లా దాచుకున్నారు. పందెం తగలని టికెట్ దగ్గరుంటే రోడ్డు మీద బండీ తగలదని. జపాను మాటలో ఉన్న ఆ చమత్కారం మన 'తగలడం'లో ఉన్నదున్నట్టు ఇమిడిపోయింది. 2025 సెప్టెంబరు 9న, 29 ఏళ్ల వయసులో ఆ గుర్రం పోయింది. ఆ వార్త చెప్పేటప్పుడు మా పిల్ల గొంతు మారింది.

గుర్రాలు, పాచికలు ఒకే చోట కలిసేసరికి నాకు మా నాన్న గుర్తొచ్చాడు. పోర్టులో పని ఆయనది. రాత్రి షిఫ్టు లేని రోజున నన్నయ అరణ్యపర్వం తీసి నలుడి కథ చదివి చెప్పేవాడు. నలుణ్ణి మించిన గుర్రాల మనిషి లేడు. అశ్వహృదయం అంటారు, అదంతా ఆయనకి కరతలామలకం. కానీ పాచికల ముందు కూర్చుంటే ఏమీ తెలియదు. కలి ఒంట్లో దూరాడు, తమ్ముడు పుష్కరుడితో ఆడాడు, రాజ్యం పోయింది, అడవిలో భార్య దమయంతిని వదిలేశాడు. కర్కోటకుడి కాటుతో రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర గుర్రాలు తోలుకుంటూ బతికాడు.

దమయంతికి మళ్లీ స్వయంవరం అని కబురొచ్చింది. ఒక్క పగటిలో విదర్భ చేరాలి. రథం గాలిలా పోతోంది. రాజు పైపంచె ఎగిరి పడింది, ఆపమన్నాడు. అది పడిన చోటు ఎప్పుడో వెనకబడిపోయిందన్నాడు నలుడు. అతడి విద్యకి రాజు అబ్బురపడి, నాకూ ఒకటి వచ్చు చూడమని దారిపక్క తాని చెట్టు చూపించాడు. రెండు కొమ్మల మీద ఇన్ని ఆకులు, 2,095 కాయలు అని చెప్పాడు. సంస్కృత భారతంలో ఉన్న అంకె అది. నలుడు నమ్మలేదు. దమయంతి కోసం పరుగు పెడుతున్న మనిషి, అంత తొందరలోనూ రథం ఆపి, దిగి లెక్కపెట్టాడు. సరిపోయింది. అప్పుడు అడిగాడు, నాకు నీ విద్య ఇయ్యి, నా గుర్రాల విద్య నీకిస్తాను అని. ఋతుపర్ణుడు అక్షహృదయం, అంటే పాచికల విద్య, చెప్పాడు. చెప్పగానే కలి నలుడి ఒంట్లోంచి బయటికొచ్చి ఆ తాని చెట్టులోకే దూరాడు.

తానికాయ అంటే త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో కలిసే మూడో కాయ. మన మన్యంలోనూ ఉన్న చెట్టే. వేదకాలంలో పాచికలు ఆ కాయలే. ఋగ్వేదం పదో మండలంలో జూదరి ఏడ్చే సూక్తంలో దొర్లేవి అవే. కాయల్ని లెక్కపెట్టే విద్యే పాచికల విద్య ఎందుకైందో చిన్నప్పుడు నేను అడగలేదు, నాన్న చెప్పలేదు. కలి వదిలింది దేవుడి వరంతో కాదు, లెక్క తెలియడంతో. ఆ ముక్క శనివారం దాకా నా బుర్రకి తట్టలేదు.

కాగితం తెమ్మన్నాను. నూటికి ముప్పావు వంతు పడే చీటీ 130 సార్లు తీసినా ఒక్కటీ పడకపోవడం ఎంతమందికి జరుగుతుందో కట్టమన్నాను. 0.9925ని 130 సార్లు గుణించింది. నూరుమందిలో ముప్పై ఏడు మందికి పైనే. రెండు వందలు తీసినా ఇరవై రెండు మందికి చీటీలో పడదు, చివర్లో చేతికిచ్చే కార్డే దిక్కు. పిల్ల ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. "అయితే నాకేం కాలేదు తాతా. ముప్పై ఏడు మందిలో నేనొకదాన్ని" అంది. "ఇన్ని తీశాను కాబట్టి నూట ముప్పై ఒకటోది పడుతుంది అనుకున్నాను. దానికి వెనకవి గుర్తుండవు కదా." అడక్కుండానే ఫోన్‌పే సంగతి వదిలేసింది.

ఋతుపర్ణుడు విద్య అమ్మలేదు, విద్యకి విద్య పుచ్చుకున్నాడు. ఈ ఆటవాళ్లు లెక్క రాసి పెడతారు గానీ చీటీ అమ్ముతారు. పడుతుంది పడుతుంది అనే ఆశ మీద, అదీ గడువు పెట్టి, చిన్నపిల్లలకి అమ్మడం తప్పని నేను ఇప్పటికీ అంటాను. మా ఇంట్లో ఆ చీటీకి రూపాయి వెళ్లదు. మైదానంలో పాచిక వేయడం మీద మాత్రం నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పాచిక లేకపోతే అది శిక్షణ ఆట కాదు.

నిజం మైదానంలోనూ పాచిక ఉంటుంది, మన విశాఖ జ్యోతి యర్రాజీనే చూడండి. పోర్టు హైస్కూల్లో చదివిన అమ్మాయి. వంద మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరున 13.38 సెకన్ల దగ్గర ఉండేది. 2020లో మూడబిద్రి యూనివర్సిటీ పోటీల్లో జ్యోతి 13.03లో దాటింది. డోప్ పరీక్ష నిబంధన తీరలేదని లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. వీపు మీద గాలి సెకనుకి 2.1 మీటర్లు, ఒప్పుకునేది 2.0. మీటరులో పదో వంతు గాలి ఎక్కువైందని అదీ పోయింది. మే నెలలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తింది. అది నిలిచింది. మూడింటిలోకీ నెమ్మదైన పరుగు అది! ఆ గాలికి ఏ సాధన చేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆ అక్టోబరులో 12.82 పరిగెత్తి, గాలి హద్దు దాటకుండా 13 లోపు వచ్చిన తొలి భారతీయురాలైంది. కోజికోడ్‌కీ సైప్రస్‌కీ మధ్య ఆ పిల్లతో కోచ్ ఏం మాట్లాడాడో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఎందుకంటే నేనేం మాట్లాడానో నాకు తెలుసు.

చాలా ఏళ్ల కిందటి మాట. ఒక జిల్లా పోటీల్లో రెండు వందల మీటర్లు. ముందు రాత్రంతా వాన. స్కూలు పోటీల్లో లేన్లు చీటీలు తీసే ఇస్తారు. మా పిల్లకి లోపలి లేను పడింది, మలుపు దగ్గర నీళ్లు నిలిచిన లేను. ఆ సంవత్సరం జిల్లాలో దానికి ఎదురులేదు. మలుపులో కాలు బురదలోకి దిగింది, నాలుగోదిగా వచ్చింది. మోకాళ్ల దాకా బురదతో నా దగ్గరికొచ్చి నిలబడింది. "ఇంకా కష్టపడాల్సింది" అన్నాను. నా నమ్మకం అది. సాధన సరిపోతే బురద ఆపదని నిజంగానే అనుకున్నాను. పిల్ల తలూపింది. ఓ వారం గ్రౌండుకి వచ్చింది, తర్వాత మానేసింది. ఆరోజు దానికి చెప్పాల్సిన లెక్క చాలా చిన్నది. ఎనిమిది చీటీల్లో బురద లేను ఒకటి, అది నీకు పడింది, అంతే. ఎనిమిదో ఎక్కం వచ్చినవాడెవడైనా చెప్పగలిగే మాట. అశ్వహృదయం ఒక్కటే పట్టుకుని 32 ఏళ్లు విజిల్ ఊదాను నేను.

ఆదివారం పొద్దున్న ఏయూ గ్రౌండులో పిల్లలకి చిన్న పోటీ పెట్టుకున్నాం. మనవరాలు కూడా వచ్చింది, చీటీలు చుట్టడానికి. తీయించేముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఒకటో లేనులో నిన్నటి నీళ్లున్నాయని చెప్పాను. అది ఎవరికైనా పడొచ్చని, పడినవాళ్లు మలుపులో అడుగు కుదించి వెయ్యాలని, ఓడితే ఎంత లేను వల్లో ఎంత తమ వల్లో సాయంత్రం కూర్చుని విడదీద్దామని చెప్పాను. పదకొండేళ్ల పిల్లాడొకడికి ఒకటో లేను పడింది. చీటీ విప్పి నాకు చూపించాడు. "సరే మాస్టారూ" అని బూట్ల లేసులు బిగించుకోవడానికి వంగాడు.